బ్రేకు తీగ మీద కొండ

మా బావకు పరాయి భాష ఒకటి వచ్చు. దానికి అసలు పేరు వేరే ఉన్నా మా ఇంట్లో అందరం 'ఫ్యాక్టరీ భాష' అనేవాళ్లం. పెళ్లికి ముందు బావ తొమ్మిదేళ్లు ఒక సైకిళ్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. అక్కడ యంత్రాలు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు దగ్గర పనితో పాటు నోరు తిరగని ఆ భాష కూడా నేర్చుకున్నాడు. "ఏం నేర్చుకున్నారు నా మొహం! సైకిలు సామాన్ల పేర్లు, అంకెలు, తిట్లు. అంతేగా వచ్చింది" అని మా అక్క తీసిపారేసేది. అక్క మాటలో అబద్ధం లేదు. కానీ సైకిలు పందెం వ్యాఖ్యానం వినడానికి ఆ మూడూ సరిపోతాయని మా అక్కకేం తెలుసు?

ఆ పందెం ఏడాదికోసారి మూడు వారాలు జరుగుతుంది. ఎక్కడో పరదేశంలో నూట యాభై మందికి పైగా రోజుకో ఊరి నుంచి ఇంకో ఊరికి తొక్కుకుంటూ పోతారు. చదును నేల మీద తొక్కే రోజుల్ని మేం పెద్దగా పట్టించుకునేవాళ్లం కాదు. కొండలెక్కే రోజు మాత్రం బావ షాపులో ఇంకో మనిషికి చోటుండేది కాదు. అంటే జనం విరగబడేవారని కాదు, షాపే అంత. పన్నెండడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ఒక మూల పంక్చర్లు చూసే నీళ్ల తొట్టి, గోడ పొడవునా పని బల్ల, పైన కొక్కేలకు వేలాడే టైర్లు. రబ్బరు సొల్యూషన్ వాసన షాపు మూసినా పోయేది కాదు. ఈ రోజుకీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నా కాళ్లు ఆగిపోతాయి.

బావ సంగతి ఒకటి ముందే చెప్పాలి. పనిలో ఆయన నోట అబద్ధం వచ్చేది కాదు. చక్రాన్ని స్టాండుకు బిగించి తిప్పి, చువ్వల్ని ఒక్కొక్కటిగా వేలితో మీటి చెవితో వినేవాడు. ఏ చువ్వ వదులో, ఏది బిగువో ఆ మోతలోనే తెలిసేది. "ఇది కుదరదు బాబూ, ఎంత బిగించినా నెలకి మళ్లీ వంకరపోతుంది, కొత్త రిమ్ము వేయించుకో" అని వచ్చిన బేరాన్ని చెడగొట్టుకునేవాడు. బాగుచేస్తే బాగుచేశానని, కాకపోతే కాలేదని చెప్పేవాడు. అలాంటి మనిషి జీవితంలో ఒకే ఒక్క పెద్ద అబద్ధం ఆడాడు. దాన్ని ఇరవయ్యేడేళ్లు మోశాడు. అందులో నాకూ వాటా ఉంది.

కొండ రోజున మేం నలుగురం. బావ, ఎదురు వరసలో షాపున్న టైలరు, ఉత్తరాల సంచీతో సహా వచ్చి కూర్చునే పోస్టుమాన్, నేను. నేను బడిలో డ్రాయింగు మాస్టర్ని. నా పని గోడ మీద సుద్దతో కొండ గియ్యడం. ముందురోజు రేడియోలో చెప్పిన లెక్కల్ని బట్టి ఎక్కడ నిటారుగా ఉంటుందో, ఎక్కడ మలుపుందో గీసి, కిలోమీటర్ల గుర్తులు పెట్టేవాణ్ణి. దాని మీదుగా బావ రెండు బ్రేకు తీగలు కలిపి, బల్ల దగ్గర కింద నుంచి గోడ చివర పై కొక్కెం దాకా ఏటవాలుగా లాగి కట్టేవాడు. ఆ తీగకు రెండు నట్లు ఎక్కించి ఉండేవి. ఒకటి ఇత్తడిది, ఒకటి ఇనపది. ఏ ఏడాదికా ఏడాది పోటీలో ముందున్న ఇద్దరూ ఆ రెండు నట్లన్నమాట. టైలరు మెచ్చినవాడు ఇత్తడి, రెండోవాడు ఇనుము. పరదేశీల పేర్లు మాకు నోరు తిరిగేవి కావు కనక మాకు వాళ్లెప్పుడూ ఇత్తడోడు, ఇనపోడే.

రేడియో స్పీకరు ఎప్పుడో పాడైపోయింది. బావ ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేవాడు. విన్నది విన్నట్టు మాకు చెప్పేవాడు. ఆయన "ఇత్తడోడు ఎనిమిదో కిలోమీటరు" అనగానే టైలరు లేచి ఇత్తడి నట్టును ఎనిమిదో గుర్తు దగ్గరికి జరిపేవాడు. నట్టు తనంతట తాను నిలబడదు కదా, దారపు ముక్కతో చిన్న ముడి వేసి ఆపేవాడు. టైలరు వేళ్లకి ముడి వెయ్యడం ఎంతసేపు! ఇంకో సంగతి, ఆ బ్రేకు తీగే రేడియోకి ఏరియల్ కూడా. కింది కొసను ఒక క్లిప్పుతో రేడియో వెనక తగిలించేవాడు బావ. కొండ ఎంత ఎత్తుగా కడితే రేడియో అంత బాగా పలికేది.

ఇక ఆ రోజు.

ఆ ఏడాది టైలరుకి మనసు మనసులో లేదు. ఆయన తమ్ముడు కూడా టైలరే. ఒకే మిషను మీద పని నేర్చుకున్న అన్నదమ్ములు. ఏదో పెళ్లి బట్టలు కుట్టే దగ్గర మాటా మాటా పెరిగి విడిపోయారు. తమ్ముడు వెళ్లి అన్న షాపుకి ఎదురుగా, బావ షాపు పక్కనే ఇంకో షాపు పెట్టాడు. ఆరేళ్లు ఎదురెదురుగా కూర్చుని మిషన్లు తొక్కారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పొద్దున షట్టర్లు ఎత్తేటప్పుడు కూడా వీపులే చూపించుకునేవారు. పందేనికి రెండు వారాల ముందు తమ్ముడు మెట్ల మీద జారి కుడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. బడులు తెరిచే రోజులు, ఒప్పుకున్న యూనిఫారాలు గుట్టగా పడున్నాయి. చేతికి కట్టుతో ఆ గుట్ట ముందు కూర్చుని ఉండేవాడు. అన్న తన మిషను మీంచి చూసీ చూడనట్టు చూసేవాడు. "వెళ్లి పలకరించకూడదా" అని బావ రెండుసార్లు అని చూశాడు. "వాడికి నేనేం అన్నని? వాడు నాకేం తమ్ముడు?" అని టైలరు కొట్టిపారేశాడు.

సరే, కొండ రోజు వచ్చింది. చివరి కొండ, పధ్నాలుగు కిలోమీటర్లు. గోడంతా నేను గీసిన కొండే. బావ ఒక చెవి మూసుకుని వింటున్నాడు.

"మంచు కమ్మిందట. పది గజాల అవతల ఏమీ కనపడటం లేదట. ఇద్దరే ఉన్నారు ముందు. పక్కపక్కనే."

"ఎన్నో కిలోమీటరు?" అన్నాడు పోస్టుమాన్.

"పదోది అయింది. ఇంకా నాలుగు..." బావ మొహం ఒక్కసారి బిగిసింది. "పడ్డాడు! ఒకడు పడ్డాడు!"

టైలరు ఉలిక్కిపడి తీగను రెండు చేతులా పట్టుకున్నాడు. "ఎవడు? ఎవడు పడ్డాడు మేస్త్రీ?"

బావ ఇయర్‌ఫోన్ను చెవిలోకి ఇంకాస్త నొక్కుకున్నాడు. మేం ముగ్గురం ఆయన నోట్లోకే చూస్తున్నాం. నేను ఎన్నో మొహాలు గీశాను గానీ ఆ క్షణంలో మా బావ మొహం మాత్రం నాకిప్పటికీ గీయడం రాలేదు.

"ఇనపోడు" అన్నాడు.

"మరి మనోడు? వెళ్లిపోయాడా?"

బావ గోడ మీది కొండ వైపు చూశాడు. "లేదు. ఆగాడు."

"ఆగాడా?"

"ఆగాడు. దిగాడు. చెయ్యిచ్చి లేపాడు. గొలుసు ఊడితే పట్టుకున్నాడు కూడా... ఇప్పుడు ఇద్దరూ మళ్లీ ఎక్కుతున్నారు. పక్కపక్కనే."

టైలరు రెండు నట్లనూ కలిపి ఒకే దారంతో ముడి వేశాడు. చివరి వంద గజాల్లో ఇత్తడోడే గెలిచాడని బావ చెప్పాడు. పోస్టుమాన్ చప్పట్లు కొట్టాడు. టైలరు చప్పట్లు కొట్టలేదు. చొక్కా కొసతో కళ్లద్దాలు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

సుద్ద తుడుద్దామని నేను ఉండిపోయాను. బావ బల్ల వెనక్కి వంగి ఏదో వెతుకుతున్నాడు. చూస్తే, ఊడి కింద పడ్డ క్లిప్పును మళ్లీ రేడియోకి తగిలిస్తున్నాడు.

"ఇదెప్పుడు ఊడింది బావా?"

"పడ్డాడన్నాక. టైలరు తీగ పట్టుకుని ఊపాడు చూడు, అప్పుడు."

"మరి ఆగడం, లేపడం, గెలవడం?"

బావ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "'నీ చెయ్యి తగిలే ఊడింది' అని టైలరుతో అంటే వాడు ఏడాదంతా కుమిలిపోతాడురా. అయినా అదొక్కటే కాదు. అంతమంది నా నోరే చూస్తుంటే, తెలియదని చెప్పడానికి మనసు ఒప్పలేదు. రేపు పేపరొచ్చాక ఎలాగూ తెలుస్తుందిగా, అప్పుడు చెప్పేస్తాను."

మర్నాడు పేపర్లో మూడే మూడు లైన్లు. కొండ మీద మంచు, గెలిచినవాడి పేరు, మొత్తం మీద ఎవరు ముందున్నారో. గెలిచింది ఇత్తడోడే. బావ గుడ్డిగా అన్నమాట నిజమై కూర్చుంది. అయినా చెప్పేద్దామనే ఆయన టైలరు షాపుకి బయల్దేరాడు. షాపు మూసి ఉంది. మిషను చప్పుడు మాత్రం బావ షాపు పక్కన తమ్ముడి షాపులోంచి వస్తోంది. తొంగిచూశాం. తమ్ముడి మిషను మీద అన్న కూర్చుని నిక్కర్లు కుడుతున్నాడు. తమ్ముడు ఎడమ చేత్తో గుండీలు అందిస్తున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు గానీ, మొహాలు ఒకరివైపు ఒకరికి తిరిగి ఉన్నాయి.

టైలరు మమ్మల్ని చూసి, "ఎవడో పరాయివాడు, ప్రైజు పోతుందని తెలిసి కూడా ఆగాడు మేస్త్రీ. నేను ఈపాటి వీధి దాటలేనా?" అన్నాడు.

బావ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చేశాడు. "ఇంక చెప్పను. మీ అక్కకి కూడా చెప్పకు" అన్నాడు. నేను కుక్కిన పేనులా ఊరుకున్నాను.

ఆ కొండ గురించి మేం ఎన్నేళ్లు మాట్లాడుకున్నామని! తర్వాత వచ్చిన ప్రతి కొండనూ దానితోనే కొలిచేవాళ్లం. "ఆగకపోతే రెండు నిమిషాల తేడాతో గెలిచేవాడు" అని పోస్టుమాన్. "ఆగాడు కనకే గెలిచాడు, లేకపోతే ఊపిరాడక చచ్చేవాడు" అని టైలరు తమ్ముడు. అవును, ఆ మరుసటి ఏటి నుంచి తమ్ముడు కూడా మాలో కలిశాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని తొడలు చరుచుకుంటూ వాదించుకునేవారు. ఆ మాట వచ్చినప్పుడల్లా బావ మాత్రం తొట్టిలో నీళ్లు మార్చడానికి లేచేవాడు. అంత శుభ్రమైన నీళ్లలో పంక్చరు చూసే షాపు ఇంకోటి ఉండదు.

తర్వాత టీవీ వచ్చింది. బొమ్మ కనపడుతుంటే చెప్పేవాడితో పనేముంది? బావ ఇయర్‌ఫోన్ చుట్టచుట్టి డబ్బాలో పెట్టేశాడు. నేను కొండ గియ్యడం మానేశాను. రెండు నట్లూ అదే దారంతో ముడిపడి తీగ మీదే ఉండిపోయాయి. టైలరు వాటిని విప్పనిచ్చేవాడు కాదు. తమ్ముడు ఆరోగ్యం చెడి చనిపోయాక, వచ్చినప్పుడల్లా వాటిని ఒకసారి వేలితో తాకి కూర్చునేవాడు.

నాలుగేళ్ల క్రితం, పందెం జరుగుతున్న రోజుల్లోనే, పోస్టుమాన్ కూతురు కంప్యూటర్లో పాత పందేల సినిమాలు దొరుకుతున్నాయని చెప్పింది. అందులో ఆ కొండ కూడా ఉందట. ఆ అమ్మాయే వచ్చి షాపులో టీవీకి ఏదో తగిలించి వెళ్లింది. టైలరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"పాతవన్నీ ఎందుకయ్యా తవ్వుకోవడం" అన్నాడు బావ.

"ముప్ఫై ఏళ్లుగా విన్నదాన్ని కళ్లారా చూడొద్దా మేస్త్రీ? తమ్ముడుంటే వాడూ చూసేవాడు" అన్నాడు టైలరు.

బావ తొట్టిలో నీళ్లు మార్చి వచ్చి కూర్చున్నాడు. ఇంతకాలం ఆడిన మాట అందరి ముందూ తేలిపోతుంది. ఆ మాట మీద వీధి దాటిన మనిషి పక్కనే కూర్చున్నాడు.

బొమ్మ మొదలైంది, మాటలు మాత్రం లేవు. కొండ, వాన, రోడ్డు పక్క జనం. ఇద్దరు పక్కపక్కనే తొక్కుతున్నారు. మంచు చిక్కబడింది. ఆ తర్వాత టీవీ నిండా తెలుపే. ఉతికిన దుప్పటి ఆరేసినట్టు పావుగంట దాకా ఏమీ లేదు. మంచులో కెమెరాలు పనిచెయ్యలేదు కాబోలు. ఆ తెలుపులోంచి ఒక్కసారిగా ఇత్తడోడు బయటికొచ్చాడు, గీత దాటాడు. వెంటనే వెనకే ఇనపోడు వచ్చాడు. అతని మోచెయ్యంతా బురద.

"చూశారా! పడ్డాడు, చూశారా బురద!" టైలరు లేచి నిలబడ్డాడు. "మేస్త్రి చెప్పింది అక్షరాలా నిజం!"

నేను ఊపిరి పీల్చుకున్నాను. గండం గడిచింది. ఆ మంచులో ఏం జరిగిందో చెప్పగలిగేవాళ్లు మా వీధిలోనే కాదు, ఆ ఇద్దరు తప్ప ఎక్కడా లేరు. ఇంక మా బావని పట్టుకునేవాడే లేడు.

బావ లేచి టీవీ కట్టేశాడు.

"నేను వినలేదు" అన్నాడు.

"ఏంటి?"

"ఆ రోజు నేనేమీ వినలేదు. పడ్డాడన్నాక క్లిప్పు ఊడిపోయింది. ఎవడు పడ్డాడో, ఎవడు ఆగాడో నాకు తెలియదు. అంతా నేను కల్పించి చెప్పాను."

మా అక్క టీ తెచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. టైలరు బావ వైపు తిరిగాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"మరి నేనెందుకు వెళ్లినట్టు?" అన్నాడు. "ఆ రోజు తమ్ముడి దగ్గరికి నేనెందుకు వెళ్లినట్టు మేస్త్రీ?"

టైలరు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అక్క మా ఇద్దర్నీ కలిపి కడిగేసింది. "అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మీది ముప్ఫై ఏళ్లకి దగ్గర దగ్గరగా అతికే ఉంది కదండీ. ఎవరూ పీకని అతుకుని మీరే పీక్కోవడం ఎందుకు?" అంది.

"దొరికిపోతానన్న భయం ఉన్నన్నాళ్లూ దాచుకోగలిగాను" అన్నాడు బావ. "ఇంక దొరకనని తెలిశాక మోయలేకపోయాను. చక్రం వంకరని నాకు తెలుసు. ఎవరూ చూడలేరు కదా అని బాగుందని ఎలా చెప్పను?" అని ఆ పూట అన్నం దగ్గర కూర్చోలేదు.

టైలరు తొమ్మిది రోజులు రాలేదు. పందెం సాగుతూనే ఉంది గానీ బావ టీవీ పెట్టలేదు. పోస్టుమాన్ వచ్చి, ఖాళీ బెంచీ చూసి, వాతావరణం గురించి రెండు మాటలు మాట్లాడి వెళ్లేవాడు. బావ ఎదుటి షాపు వైపు చూసేవాడు. టైలరు మిషను మీంచి తల ఎత్తేవాడు కాదు. ఆ తొమ్మిది రోజుల్లో మా బావ ముసలివాడైపోయాడు. నాకు మొదటిసారి ఆయన్ని చూస్తే జాలేసింది.

పదో రోజు చివరి కొండ. మధ్యాహ్నం దాటాక టైలరు వీధి దాటి వచ్చాడు. గుమ్మంలో నిలబడి బావతో కాకుండా తీగ మీది నట్లతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

"ఆలోచించాను. కొండ మీద ఎవడు ఆగాడో నాకు తెలియదు, నీకూ తెలియదు. వీధి దాటింది మాత్రం నేను. అది నేను చూశాను, నా తమ్ముడు చూశాడు." లోపలికొచ్చి నట్లను ఒకసారి వేలితో తాకాడు. "ఇరవై నాలుగేళ్లు వాడు నాతో మాట్లాడాడు మేస్త్రీ. ఆ ఇరవై నాలుగేళ్లు నువ్వు కల్పించినవి కాదు కదా."

బావ కళ్లు తుడుచుకున్నాడు, దాచుకోలేదు. నాక్కూడా దాచుకోవాలనిపించలేదు.

టైలరు బెంచీ మీద తన చోట కూర్చున్నాడు. బావ టీవీ పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "దాన్ని నీవైపు తిప్పుకో. మేం చూడం. నువ్వు చెప్పు. మాస్టారూ, సుద్ద ఉందా?"

నా చేతులకి వణుకు వచ్చాక గీసిన మొదటి కొండ అది. అంత వంకర కొండ నేనెప్పుడూ గియ్యలేదు. టైలరు పాత దారాన్ని పళ్లతో కొరికి తెంపి నట్లు రెండూ విడదీశాడు. బావ టీవీ ముందు ముక్కాలి పీట వేసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ గొంతు, "ఇత్తడోడు ఆరో కిలోమీటరు" అంటుంటే నాకు షాపు మళ్లీ కొత్తగా కనిపించింది. పోస్టుమాన్ బెంచీ అంచుకి జరిగాడు. అక్క కూడా వచ్చి తొట్టి పక్కన నిలబడింది.

తొమ్మిదో కిలోమీటరు దగ్గర బావ ఆగిపోయాడు.

"ఏమైంది?" అన్నాడు టైలరు.

"మలుపు. చెట్లు అడ్డం వచ్చాయి. ఇద్దరిలో ఎవడు ముందున్నాడో కనపడటం లేదు." బావ ఒకసారి అతని వైపు చూశాడు. "నాకు తెలియదు టైలరూ."

టైలరు రెండు నట్లనూ రెండు వేళ్ల మధ్య పట్టుకుని నిలబడ్డాడు.

"సరే, కనపడేదాకా ఆగుదాం" అన్నాడు.